చలి వణికిస్తుంటే గ్లోబల్ వార్మింగ్ ఎక్కడ? మీరే లెక్క చూసుకునే పద్ధతి

డిసెంబరు చివర్లో ఆదిలాబాద్‌లోనో చింతపల్లిలోనో ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగిందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో అదే మాట మొదలవుతుంది: "భూమి వేడెక్కుతోందన్నారుగా, మరి ఈ చలేంటి?" అడిగినవాళ్లను వెక్కిరించకండి. అడగదగ్గ ప్రశ్నే. ఒంటికి తెలిసేది ఈ ఊరూ, ఈ పూటే కదా. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరిచి గంటసేపు కూర్చుంటే జవాబు మీకే దొరుకుతుంది.

ముందు ఆ చలి ఎంతటిదో చూడండి

వార్తలో వేసిన అంకె ఏ కేంద్రంలో నమోదైందో వెతకండి. ఫోన్ యాప్‌లో 'ఫీల్స్ లైక్' అని కనిపించేది గాలివేగం, తేమ కలిపి కట్టిన అంకె. దాన్ని పక్కన పెట్టండి, కనిష్ఠ ఉష్ణోగ్రత మాత్రమే తీసుకోండి. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉండి, మామూలుకన్నా 4.5 డిగ్రీలు పడిపోతే భారత వాతావరణ శాఖ చలిగాలులుగా ప్రకటిస్తుంది. తగ్గుదల 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర చలిగాలులు. తగ్గుదలతో పని లేకుండా 4 డిగ్రీలకు దిగినా చలిగాలుల కిందే లెక్క.

ఈ 'మామూలు' అనే మాట దగ్గర కాస్త ఆగాలి. అది 30 ఏళ్ల సరాసరి, ఇప్పుడు వాడేది 1991–2020. ప్రపంచమంతా కలిపి చూస్తే ఈ 30 ఏళ్లు 1961–1990 కన్నా వెచ్చనివి. కొలబద్దే పైకి జరిగింది కాబట్టి, మన తాతల కాలంలో ఎవరూ పట్టించుకోని చలి ఇవాళ వార్త అయి కూర్చుంటుంది.

మండలాల్లోని ఆటోమేటిక్ కేంద్రాల 'ఆల్‌టైమ్ రికార్డు'ను కూడా నెమ్మదిగా నమ్మండి. వాటిలో చాలావాటికి 30 ఏళ్ల చరిత్ర లేదు. బేగంపేట లాంటి పాత కేంద్రం అంకెలతో సరిపోల్చుకోండి.

తెలంగాణలో చలి ఎందుకు ముదురుతుందో కూడా తెలిసి ఉండాలి. ఆకాశం నిర్మలంగా ఉండి, ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తే పగలంతా నేల తాగిన వేడి రాత్రికి అడ్డు లేకుండా పైకి పోతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మబ్బులు కమ్మితే అదే ఊళ్లో కనిష్ఠం ఒక్కసారిగా పెరుగుతుంది. రెండూ వారంలోపు జరిగే సంగతులే, భూతాపం లెక్కలో వీటి వాటా లేదు.

తర్వాత దాన్ని ప్రపంచ పటం మీద పెట్టండి

ప్రపంచ ఉష్ణోగ్రతల రికార్డు ఉంచే నాసా గిస్‌టెంప్ సైట్‌లో పటాలు గీసే పేజీ ఉంది. నెల ఫిబ్రవరి, మొదలూ ముగింపూ 2021, పోల్చే కాలం 1951–1980 అని ఇవ్వండి. డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19కి పడిపోయిన నెల అది. టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. డాలస్ పక్కనే అర్వింగ్, ఫ్రిస్కోల్లో ఉండే మనవాళ్లకు ఆ రోజులు బాగా గుర్తే. పటంలో అమెరికా నడిమధ్య గాఢ నీలం, ఈశాన్య కెనడా, గ్రీన్‌లాండ్ వైపు ఎరుపు కనిపిస్తాయి. అంతటి చలిలోనూ ఆ నెల ప్రపంచ సరాసరి 1951–1980 కన్నా అర డిగ్రీకి పైనే ఉంది.

2019 జనవరి 30న షికాగోలో మైనస్ 31. అదే నెల ఆస్ట్రేలియా తన చరిత్రలోనే అత్యంత వేడి నెలను చూసింది, దేశం మొత్తం సరాసరి 30 డిగ్రీలు దాటింది. విస్తీర్ణం కూడా లెక్కలోకి తీసుకోండి: అలాస్కా, హవాయి తీసేస్తే అమెరికా మొత్తం భూ ఉపరితలంలో 2 శాతం కూడా లేదు. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపినా 0.06 శాతం రాదు.

ఇప్పుడు అసలు లెక్క

అదే సైట్ నుంచి ప్రపంచ నెలవారీ సరాసరుల సీఎస్‌వీ ఫైల్ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించుకోండి. మొదటి వరుస శీర్షిక, రెండోది నిలువు వరుసల పేర్లు, మూడో వరుస నుంచి 1880 మొదలు. ఏ-లో సంవత్సరం, బీ నుంచి ఎమ్ దాకా నెలలు, ఎన్-లో ఏడాది సరాసరి, పీ-లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు నెలలది. 1975 అంటే 98వ వరుస, 2024 అంటే 147వ వరుస. ఏడాదికి సరాసరిన ఎంత మారుతోందో చెప్పే 'స్లోప్' ఫంక్షన్‌కు ముందు ఎన్ 98 నుంచి 147, తర్వాత ఏ 98 నుంచి 147 ఇవ్వండి. జవాబు 0.02 దరిదాపుల్లో వస్తుంది, అంటే పదేళ్లకు దాదాపు 0.2 డిగ్రీలు.

గొడవంతా చలికాలం గురించే కదా! అందుకని ఉత్తరార్ధగోళం ఫైల్ దించి, ఎన్ బదులు పీ పెట్టి మళ్లీ చేయండి. అంకె ఇంకా పెద్దదే వస్తుంది. చలికాలాలు కూడా వేడెక్కుతున్నాయి.

ఎక్కడ తప్పుతుంది

అసంపూర్తి నెలల గడుల్లో మూడు నక్షత్ర గుర్తులు (***) ఉంటాయి. షీట్ వాటిని అక్షరాలుగా తీసుకుంటుంది కాబట్టి నడుస్తున్న ఏడాదిని వదిలేయండి. ఇందులోవి ఉష్ణోగ్రతలు కావు, 1951–1980 సరాసరి నుంచి తేడాలు. వేరే సంస్థ అంకెలతో కలపాలంటే రెండింటికీ పోల్చే కాలం ఒకటే చేసుకోవాలి.

అన్నింటికన్నా పెద్ద పొరపాటు చిన్న కాలాన్ని ఎంచుకోవడం. 1998 బలమైన ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కే దశ) ఏడాది, 2008 లానినా (అదే సముద్రం చల్లబడే దశ) ప్రభావంలో చల్లబడింది. ఈ రెండింటినే పక్కపక్కన పెడితే భూమి చల్లబడినట్టే ఉంటుంది. 30 ఏళ్లకు తక్కువ కాలంతో ఎవరు గీత గీసి చూపించినా, ఆ ఏడాదితోనే ఎందుకు మొదలుపెట్టారని అడగండి.

"నగరాల కాంక్రీటు వేడిని కొలుస్తున్నారు" అనేవారికి పైనుంచి గాలి వేడిని కొలిచే ఉపగ్రహాల లెక్క చూపించండి. అలబామా విశ్వవిద్యాలయం, హంట్స్‌విల్‌లో ఆ లెక్క కట్టే జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ ఇద్దరూ భూతాపం భయాలను ఎప్పటి నుంచో ప్రశ్నిస్తున్నవారే. వారి పట్టికలోనూ 1979 నుంచి పదేళ్లకు సుమారు 0.15 డిగ్రీల పెరుగుదల ఉంది.

ఇంట్లో చెప్పాల్సి వస్తే

"బాబాయ్, ఈ చలి నిజమే, స్వెటర్ తీయకండి. ఒక్కసారి ఈ లెక్క చూడండి" అని మొదలుపెట్టండి. చలి లేదని మాత్రం అనకండి. ధ్రువప్రాంతం వేడెక్కడం వల్లే అమెరికాకు ఈ చలి వచ్చిందని కూడా గట్టిగా చెప్పకండి, దాని మీద శాస్త్రవేత్తల్లోనే ఇంకా చర్చ నడుస్తోంది. మే నెలలో రామగుండం మండిపోయినప్పుడు "ఇదిగో రుజువు" అన్నా చేసేది అదే తప్పు.

"మరి ఏం చూస్తే భూమి వేడెక్కట్లేదని నువ్వు ఒప్పుకుంటావు?" అని ఆయన అడిగితే సూటిగా చెప్పండి. అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే పోతోంది. ఆ సముద్రాల వేడి ఏళ్ల తరబడి తగ్గుతూ రావాలి, 30 ఏళ్లకు కట్టిన స్లోప్ సున్నాకో, దాని కిందికో దిగాలి. ఏటా జనవరిలో ఫైల్ మళ్లీ దించుకుని, ఒక వరుస కలిపి, ఇద్దరూ కూర్చుని చూడండి.