పాత బేస్‌బాల్ గ్లోవ్ వయసు తేలడం లేదా? సమస్యలు, పరిష్కారాలు

అమెరికాలో ఏ ఎస్టేట్ సేల్‌కి (ఒక ఇంట్లోని పాత సామానంతా అమ్మేసే చోటుకి) వెళ్లినా ఒక మూల పాత బేస్‌బాల్ గ్లోవ్ కనిపిస్తూనే ఉంటుంది. పిల్లల్ని లిటిల్ లీగ్ ఆటలకు తిప్పుతున్న మనవాళ్లకు కూడా వీటి మీద మోజు పుట్టడం సహజమే. అమ్మేవాళ్లు మాత్రం ప్రతిదాన్నీ 1920ల మేటి ఆటగాడు బేబ్ రూత్ కాలంనాటిదే అంటారు. గ్లోవ్ మీద తయారైన సంవత్సరం మామూలుగా ఉండదు. ఉన్న ఆనవాళ్లలో చాలావరకు "ఫలానా ఏడాదికి ముందుది కాదు" అని మాత్రమే చెబుతాయి. అందుకే అన్నిటికన్నా ఆలస్యంగా వాడుకలోకి వచ్చిన ఆనవాలు ఏదో వెతికి, దాన్నే నమ్మాలి. కింద చెప్పినవన్నీ ఆ వెతుకులాటలో ఎదురయ్యే చిక్కులే.

సమస్య: అరచేతి మీద ముద్ర చదవడానికి రావడం లేదు

దశాబ్దాల నూనె, మట్టి, చెమట కలిసి తోలు నల్లబడి ఉంటుంది. రంగు పోయినా, తోలులో నొక్కిన గాడి చాలాసార్లు మిగిలే ఉంటుంది. గదిలో లైట్లు ఆపి, టార్చిని తోలుకి దాదాపు ఆనించినంత వాలుగా పట్టండి. ఒకవైపు నుంచి చూసి ఆపేయొద్దు, చుట్టూ తిప్పుతూ ఫోన్‌తో ఫోటోలు తీయండి. పైనుంచి వెలుతురు పడ్డప్పుడు కనిపించని అక్షరం పక్క వెలుతురులో నీడతో లేచి వస్తుంది. ముఖ్యమైన మాట: ముద్ర చదవకముందే నూనె రాయకండి. తోలు ఇంకా నల్లబడుతుంది, మెత్తబడి గాడి కూడా పూడుకుంటుంది. పెన్నుతో అక్షరాల మీద దిద్దారో, గ్లోవ్ విలువ అక్కడితో సరి.

సమస్య: పేటెంట్ తేదీ 1922 అని ఉంది, కానీ గ్లోవ్ అంత పాతదిగా లేదు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) బిల్ డోక్ 1919లో గ్లోవ్స్ తయారుచేసే రాలింగ్స్ కంపెనీకి ఒక సలహా ఇచ్చాడు. అప్పటిదాకా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక తోలు ముక్కో పట్టీయో మాత్రమే ఉండేది. ఆ జాగాలో తోలు లేసులతో వల అల్లితే బంతి కూర్చునే పాకెట్ వస్తుందన్నది ఆయన ఆలోచన. ఈ రోజు మనం చూసే ప్రతి గ్లోవ్ వెనకా ఉన్నది అదే. దానికి పేటెంట్ వచ్చింది 1922లో. ఆయన పేరుతో గ్లోవ్స్ మాత్రం 1950ల దాకా అమ్ముడయ్యాయి. అంటే పేటెంట్ తేదీ చెప్పేది ఆ గ్లోవ్ 1922కి ముందుది కాదని మాత్రమే.

తేదీ లేకుండా నంబర్ ఒక్కటే ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. అమెరికా పేటెంట్ నంబర్లు 1911లో 10 లక్షలు, 1935లో 20 లక్షలు, 1961లో 30 లక్షలు దాటాయి. 20 లక్షల పైన నంబర్ కనిపిస్తే 1930ల మొదట్లోది అన్న మాట వదిలేయాల్సిందే.

తర్వాత వేళ్లు చూడండి. ఏ వేలికి ఆ వేలు విడివిడిగా ఉంటే పాత పద్ధతి. వేళ్ల చివర్లు లేసుతో కలిపి కట్టి ఉంటే సాధారణంగా 1940లు, ఆ తర్వాత. పెద్ద పాకెట్‌తో, బంతి మీద పుస్తకంలా మూసుకునే ఆకారం అయితే విల్సన్ కంపెనీ ఏ2000 మోడల్ వచ్చిన 1957 చుట్టూ, ఆ తర్వాత వెతకండి. గుండ్రంలో ఆర్ అక్షరం ఉన్న ట్రేడ్‌మార్క్ గుర్తుకి చట్టంలో చోటు దొరికింది 1946లో, అమలు 1947 నుంచి. లేబుల్ మీద ఆ చిన్న గుండ్రం ఉంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది అనే మాటకు చోటు లేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆనవాలు ఇదే, భూతద్దం ఒక్కటి చాలు.

సమస్య: "ప్రొఫెషనల్ మోడల్" అని ఉంది, ఆటగాడి సంతకమూ ఉంది. ఆయన వాడిందేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. కంపెనీలు ఆటగాళ్లతో ఒప్పందం చేసుకుని, వాళ్ల సంతకాన్ని దుకాణాల్లో అమ్మే గ్లోవ్స్ మీద అచ్చుగా కొట్టేవి. "ప్రొఫెషనల్ మోడల్" అన్నది కూడా అమ్మకం కోసం పెట్టిన మాటే.

మొదట ఏ చేతిదో చూడండి. ఉదాహరణకు, కార్డినల్స్ జట్టు మేటి ఆటగాడు స్టాన్ మ్యూజియల్ ఎడమచేత్తో విసిరేవాడు, కాబట్టి గ్లోవ్ కుడిచేతికి తొడిగేవాడు. బేబ్ రూత్ కూడా అంతే. మ్యూజియల్ సంతకంతో ఎడమచేతికి తొడిగే గ్లోవ్ దొరికితే, అది కుడిచేత్తో విసిరే పిల్లల కోసం దుకాణంలో అమ్మింది. ఆయన మైదానంలో వాడింది కాదు, ఇక వాదన అక్కర్లేదు.

చెయ్యి సరిపోయినా పని అయిపోలేదు. ఆటగాడి ఇంటి నుంచి ఇప్పటిదాకా ఎవరి చేతులు మారిందో కాగితాలు అడగండి. తేదీ తెలిసిన పత్రికా ఫోటోలు తీసుకుని లేసు ముడి ఏ వైపు ఉంది, వల ఎలా అల్లారు, మరకలు ఎక్కడున్నాయి అని ఒక్కొక్కటీ పోల్చండి. ఫోటోకి తేదీ లేకపోతే ఒక చిన్న ఆధారం ఉంది: 1954కి ముందు ఆటగాళ్లు బ్యాటింగ్‌కి వెళ్తూ గ్లోవ్స్‌ని మైదానంలోనే పడేసి వెళ్లేవాళ్లు, ఆ ఏడాది నుంచి రూల్ ఆపేసింది. గడ్డి మీద గ్లోవ్ పడి ఉన్న ఫోటో చాలావరకు ఆ ముందటిదే.

సమస్య: తోలు పాతది, లేబుల్ కొత్తగా ఉంది

లేసు మార్చి ఉండొచ్చు, అది తప్పు కాదు. ఆడే గ్లోవ్‌కి లేసు తెగుతుంది, మారుస్తారు. లేబుల్ మార్చితే మాత్రం మోసమే. చీకట్లో బ్లాక్‌లైట్ (అతినీలలోహిత కాంతినిచ్చే దీపం) వేయండి. గుడ్డకీ దారానికీ తెల్లదనం కోసం కలిపే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విస్తారంగా వాడుకలోకి వచ్చాయి, అవి నీలంగా మెరుస్తాయి. 1920ల లేబుల్ చుట్టూ కుట్టు మెరిస్తే ఆ కుట్టు కొత్తది. అయితే డిటర్జెంట్‌తో తుడిచినా మెరుస్తుంది కాబట్టి సూది రంధ్రాలు కూడా చూడాలి. కొత్త కుట్టు పక్కన ఖాళీగా పాత రంధ్రాల వరస కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

లేబుల్ అసలుదే అని తేలాక కంపెనీ పేరు ఎలా రాసి ఉందో చూడండి. "విల్సన్-వెస్టర్న్" అని ఉంటే 1925 నుంచి 1931 మధ్య, ఎందుకంటే ఆ తర్వాత కంపెనీ పేరు మారింది. టెక్సస్‌లోని నొకోనా కంపెనీ బంతి గ్లోవ్స్ మొదలుపెట్టింది 1934లో, కాబట్టి దాని గ్లోవ్ 1920లది అవ్వదు. "జపాన్" అని ఉంటే మొదట 1960లు అనుకోండి, అమెరికా దుకాణాల్లోకి ఆ దిగుమతులు వెల్లువెత్తింది అప్పుడే.

సమస్య: లోహపు బటన్, రింగుల చుట్టూ ఆకుపచ్చటి మైనం

బూజు అని కంగారు పడతారు. ఇత్తడిలోని రాగి, తోలులోని నూనెతో కలిసి తయారైన పదార్థం ఇది. నీళ్లు, మెటల్ పాలిష్ వద్దు. పాలిష్ తోలులోకి ఇంకి మరక చేస్తుంది. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకి, పొడి నూలుగుడ్డతో తుడవండి. తోలులో నూనె ఉన్నంతకాలం కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది, మళ్లీ అలాగే తీయాలి. కొత్తగా నూనె రాయడం ఆపితే రావడం తగ్గుతుంది.