పండ్ల సోర్ బీరు రుచి చూడటం ఎలా?

బీరంటే చేదే అని ముందే అనుకుని కూర్చుంటే, కావాలనే పుల్లగా చేసి పండ్లు కలిపే ఈ సోర్ బీరు మొదటి గుక్కకే నచ్చకుండా పోతుంది. పాడైపోయిందేమో అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. నిజానికి పులుపు గురించి మనకు ఒకరు నేర్పాల్సింది లేదు. చింతపండు పులుపు వేరు, గోంగూర పులుపు వేరు, మజ్జిగ పులుపు వేరు అని గుంటూరు, బెజవాడ ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. సోర్ బీరుకు కావలసింది ఆ నాలుకే. ఒక్క మాట: మన రాష్ట్రంలో మద్యానికి 21 ఏళ్ళు నిండాలి. తాగాక బండి జోలికి వెళ్ళొద్దు.

ముందుగా నాలుకను సిద్ధం చేసుకోండి

నాలుగు చిన్న గిన్నెల్లో పులిసిన మజ్జిగ తేట, నిమ్మరసం నీళ్ళు, పల్చటి చింతపండు నీళ్ళు, నాలుగు చుక్కల వెనిగర్ కలిపిన నీళ్ళు పెట్టుకోండి. ఒక్కోటి చెంచాడు తాగి, మధ్యలో మంచినీళ్ళతో పుక్కిలించండి. మజ్జిగ పులుపు నోరంతా మెత్తగా పరుచుకుంటుంది. నిమ్మ చురుక్కుమని వెంటనే పోతుంది. చింతపండు పళ్ళను పట్టుకుంటుంది. వెనిగర్ ముక్కుకు కొడుతుంది. ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే.

ఎందుకంటే సోర్ బీరులో ప్రధానంగా ఉండేది మజ్జిగ పులుపే. పాలకు తోడు వేసినట్టే, గింజల నుంచి తీసిన తియ్యటి రసానికి లాక్టోబాసిల్లస్ అనే పులుపు పుట్టించే బ్యాక్టీరియాను తోడు వేసి, గోరువెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ఆ తర్వాత మరిగించి, ఈస్ట్ వేసి పులియబెడతారు. బెర్లినర్ వైస్, ఉప్పూ ధనియాలూ వేసే గోజె అనే జర్మన్ బీర్లను ఇప్పుడు చాలామంది ఇలాగే చేస్తున్నారు. లాంబిక్ అనే బెల్జియం బీరుకు తోడు ఉండదు. మన దోసెపిండి దానంతటదే పులిసినట్టు, గాలిలోని, చెక్క పీపాల్లోని సూక్ష్మజీవులతోనే పులుస్తుంది. దాంట్లో పుల్ల చెర్రీలు వేస్తే అది క్రీక్.

చల్లదనం, గ్లాసు

క్యాన్‌ను ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచండి. పండ్ల గుజ్జులో పులియని చక్కెర మిగిలి ఉంటే వేడికి మళ్ళీ పులుస్తుంది. ఒక మే నెలలో నేను క్యాన్‌ను కారులో మర్చిపోయి, ఇంటికి తెచ్చి మూత లాగితే నురగ చిమ్మి సగం బీరు నేలపాలైంది. అది పగిలిపోయి ఉంటే చేతికే దెబ్బ తగిలేది.

రుచికి 6 నుంచి 10 డిగ్రీల చల్లదనం బాగుంటుంది. బెజవాడ ఎండల్లో ఫ్రిజ్‌లోంచి తీశాక ఐదు నిమిషాలు ఆగితే చాలు. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనపడదు. వైన్ గ్లాసైతే మంచిది. దానికి సబ్బు జిడ్డు ఉండకూడదు. గుజ్జు అడుగుకు చేరి ఉంటుంది కాబట్టి క్యాన్‌ను ఒకసారి మెల్లగా తలకిందులు చేయండి, కుదపొద్దు. గ్లాసులో మూడో వంతే పోయండి. నురగ త్వరగా చచ్చిపోతే కంగారు పడకండి, సోర్ బీర్లలో అది మామూలే.

వాసన, ఆ తర్వాత గుక్క

గ్లాసు తిప్పి, రెండు మూడు సార్లు చిన్నగా వాసన చూడండి. ఏ పండు అని కాదు, ఆ పండు ఏ స్థితిలో ఉందని అడగండి: పచ్చిదా, దోరదా, మగ్గిందా, షర్బత్ లాగా ఉందా? పండులోని చక్కెరలో ఎక్కువ భాగం ఈస్ట్ తినేస్తుంది, తీపి పోయి పరిమళం మిగులుతుంది. మామిడి సోర్ బీరు నాకు గుర్తుచేసేది నూజివీడు రసాల తీపిని కాదు. రసం పిండుకుని తిన్నాక, చెయ్యి కడుక్కున్నా వేళ్ళకు మిగిలిపోయే ఆ వాసనను.

మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోవద్దు, నోరు ముడుచుకుంటుంది అంతే. రెండో గుక్కను నాలుక మీద రెండు క్షణాలు ఉంచి మింగి, ముక్కుతో గాలి వదలండి. పండు అప్పుడు తెలుస్తుంది. నోరు ఊరి, ఇంకో గుక్క అడిగితే పులుపు కుదిరినట్టు. గొంతు మండితే కుదరనట్టు. వెనిగర్ ఘాటు, నెయిల్ పాలిష్ వాసన, తడిసిన అట్టపెట్టె వాసన తగిలితే మాత్రం అది లోపమే.

పక్కన ఏం పెట్టుకోవాలి? వేడి పునుగులు, వేయించిన జీడిపప్పు, కారం తక్కువ వేసిన చేపల వేపుడు. మిరపకాయ బజ్జీ మాత్రం ఆఖరికి ఉంచండి, పులుపూ గ్యాసూ కలిస్తే గుంటూరు కారం ఇంకా మండుతుంది. ఎసిడిటీ ఉన్నవాళ్ళు రెండు గుక్కలతో ఆపడం మంచిది. తాగాక నీళ్ళతో పుక్కిలించి, అరగంట దాకా పళ్ళు తోమకండి.

గ్లాసు వెంటనే కడగొద్దు. పది నిమిషాలయ్యాక ఖాళీ గ్లాసును ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోండి. పులుపంతా పోయి, నిజం పండు వేసి ఉంటే ఆ పండు ఇంకా అక్కడే ఉంటుంది.