తిరువనంతపురం సినిమా పండక్కి వెళ్లాలనుకునే వాళ్లకి

మాది గుంటూరు బ్రాడీపేటలో జిరాక్సు షాపు. ఏటా డిసెంబరు వచ్చిందంటే షాపు మా ఆయనకి అప్పజెప్పి నేను తిరువనంతపురం వెళ్తాను, కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి. అక్కడందరూ ఐఎఫ్ఎఫ్‌కే అంటారు. 1996లో కోళికోడ్‌లో మొదలైన పండగ ఇది, ఇప్పుడు కేరళ రాష్ట్ర చలచ్చిత్ర అకాడమీ నడుపుతోంది. షాపుకొచ్చే కోచింగ్ పిల్లలూ, మా వీధిలో ఆడవాళ్లూ ఎప్పుడూ ఇవే అడుగుతారు. మనల్ని రానిస్తారా? భాష రాకపోతే ఎలా? ఒక్కదానివే ఎలా వెళ్తావు? రానిస్తారు. సినిమావాళ్లే అయ్యుండక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, డెలిగేట్ పాస్ ఉంటే చాలు. మిగతాదంతా కింద రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు రైలు టికెట్టు చూసుకోండి. పాస్ కోసం రిజిస్ట్రేషన్ నవంబరులో గానీ తెరవరు. అప్పటిదాకా ఆగితే రైల్లో సీటు దొరకదు. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ డిసెంబరంతా అయ్యప్ప స్వాములతో నిండిపోయి ఉంటుంది. 2022 నుంచి 2025 దాకా నాలుగేళ్లూ ఉత్సవం డిసెంబరు రెండో శుక్రవారమే మొదలై, మళ్లీ శుక్రవారానికి ముగిసింది. ఆ లెక్కన తేదీ వేసుకుని, అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరవగానే, అంటే అక్టోబరులోనే, టికెట్టు తీసేసుకోండి. తేదీలు మారితే క్యాన్సిల్ చేసుకోవచ్చు. గుంటూరులో సాయంత్రం ఎక్కితే మర్నాడు సాయంత్రానికి దిగుతాం. బెర్తుల మీద ఇరుముళ్లు, తెల్లవారుజామున శరణుఘోష, మధ్యలో మనం. నాకు ఆ ప్రయాణం కూడా ఇష్టమే.

రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే. ఫోటో సిద్ధంగా పెట్టుకోండి. 2024లో పన్నుతో కలిపి 1180 రూపాయలు, విద్యార్థులకి 590. పిల్లలు కాలేజీ ఐడీ కార్డు తప్పకుండా తీసుకెళ్లాలి. దిగాక టాగోర్ థియేటర్ దగ్గర కార్డు, సంచీ, షెడ్యూలు పుస్తకం ఇస్తారు. ఆ కార్డు మెళ్లో లేకపోతే ఏ హాల్లోకీ రానివ్వరు. నేను రాత్రి పడుకునేటప్పుడు దాన్ని చెప్పుల మీద పెట్టుకుంటాను, పొద్దున మర్చిపోకుండా.

గది తంపానూరులో చూసుకోండి. రైల్వే స్టేషనూ బస్టాండూ అక్కడే. కైరళి, శ్రీ, నిళ అని మూడు హాళ్లున్న కాంప్లెక్స్ కూడా అక్కడికి నడక దూరమే. ఒక్క జాగ్రత్త: ఫోన్లో సరే అన్నారని నమ్మొద్దు. ఓసారి నేను ఓ లాడ్జికి ఫోన్ చేసి గది ఖాయం చేసుకున్నాను. తీరా వెళ్తే వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. రాత్రి తొమ్మిది దాటింది. సూట్‌కేసు మీద కూర్చుని ఉంటే, మెళ్లో డెలిగేట్ కార్డుతో వెళ్తున్న ఒకావిడ ఆగింది. త్రిస్సూరు నుంచి వచ్చిన నర్సు. "చేచ్చీ, వా", అంటే అక్కా రా, అని తన గదికి తీసుకెళ్లింది. ఆ ఏడాది అన్ని రోజులూ కలిసే చూశాం. ఇప్పుడు నేను ముందే డబ్బు కట్టి, రసీదు ప్రింటు తీసుకునే బయల్దేరతాను.

ఇక అసలు విషయం, ఏం చూడాలి? రోజుకి అయిదు ఆటలు ఉంటాయి, పదికి పైగా తెరలు. మొదటిసారి వెళ్లినవాళ్లు పేరున్న దర్శకుల వెంటపడతారు. నేనూ మొదటి ఏడాది అదే పని చేశాను. ఆ సినిమాలు ఆర్నెల్లకో ఏడాదికో ఓటీటీలో వచ్చేస్తాయి. వాటి కోసం రెండు గంటలు క్యూలో నిలబడటం దండగ. ఇక్కడ తప్పితే ఇంకెక్కడా దొరకనివి చూడాలి. అందుకే నా లెక్క ఇలా ఉంటుంది: ముందు అంతర్జాతీయ పోటీ విభాగం, తర్వాత ఇండియన్ సినిమా నౌ, తర్వాత మలయాళం సినిమా టుడే. మిగిలిన టైముంటేనే వరల్డ్ సినిమా. ఈ ఉత్సవంలో పోటీకి ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సినిమాలనే తీసుకుంటారు. మనలాంటి ఎండలు, మనలాంటి అప్పులు, మనలాంటి అత్తగార్లు ఉన్న సినిమాలు. గెలిచినదానికి సువర్ణ చకోరం అనే బహుమతి, 20 లక్షల రూపాయలు. చకోరం అంటే వెన్నెల తాగే పక్షి అనుకున్నాను చాలాకాలం. ఇంగ్లిష్‌లో వాళ్లు దాన్ని క్రో ఫెజంట్ అంటారు, అంటే మన జెముడుకాకి.

షెడ్యూలు రాగానే నేను షాపులో ఏ3 కాగితం మీద ప్రింటు తీస్తాను. పోటీ సినిమాలకి ఎర్ర స్కెచ్, భారతీయ భాషలకి ఆకుపచ్చ. పోటీ సినిమాని వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు వేస్తారు కాబట్టి ఒకటి తప్పినా ఇంకోటి ఉంటుంది. ముందు ఒక్కసారే వేసేవి ఖాయం చేసుకుని, వాటి చుట్టూ మిగతావి సర్దాలి. తంపానూరు నుంచి టాగోర్‌కి ఆటోలో వెళ్లాలి, కాబట్టి రెండు ఆటల మధ్య ముప్పావుగంటైనా లేకపోతే ఆ జత కొట్టేయండి. రోజుకి మూడు చాలు. నాలుగు కుదురుతాయి గానీ, నాలుగోది బుర్రకెక్కదు. దాని పాపం మూడోదానిక్కూడా తగులుతుంది.

హాల్లో సీటు రిజర్వేషన్ ఆటకి ముందురోజు పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. ఏడూ యాభై అయిదుకే లాగిన్ అయి కూర్చోండి. పేరున్నవి నిమిషాల్లో అయిపోతాయి. దొరకలేదని టెన్షన్ పడక్కర్లేదు. కొన్ని సీట్లు క్యూవాళ్లకే ఉంచుతారు. గంట ముందు వెళ్లి నిలబడండి. నిజానికి ఆ క్యూలోనే అసలు కబుర్లు తెలుస్తాయి. నిన్న ఏది బాగుంది, దేనికి జనం మధ్యలో లేచిపోయారు, దేనికి చప్పట్లు కొట్టారు, అన్నీ చెబుతారు. పక్కనున్నది బస్ కండక్టరు కావచ్చు, ప్రొఫెసరు కావచ్చు. నేను వచ్చీరాని మలయాళంలో "ఎంగనెయుండ్?" అని అడుగుతాను. ఎలా ఉంది అని. ఆ ఒక్క మాట చాలు, పావుగంట చెబుతారు. మధ్యాహ్నానికి నా ఏ3 కాగితం మీద సగం గీతలు మారిపోతాయి.

ఇంగ్లిష్ సంగతి. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. అన్నిటికీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి. మొదటి రెండు రోజులు చదువుతూ బొమ్మ చూడటం కష్టమే. మాటలు తక్కువున్న సినిమాలతో మొదలుపెట్టండి. పల్లెటూళ్లు, పిల్లలు, ముసలివాళ్ల కథలకి అర్థం వెతుక్కోవాల్సిన పని ఉండదు. ముందు వరసల్లో కూర్చోవద్దు, కింద అక్షరాలూ పైన ముఖాలూ ఒకేసారి కంటికి అందవు. మధ్యకి కొంచెం వెనగ్గా, నడవ పక్కన కూర్చోండి. ఒక వాక్యం తప్పిపోతే వదిలేయండి.

నేనలా చూసిందే 2022లో బొలీవియా సినిమా 'ఉటామ'. కొండల మీద లామాలు మేపుకునే ముసలి మొగుడూపెళ్లాలు. వాళ్లు మాట్లాడేది అక్కడి కెచువా భాష. వానల్లేవు. ఆ ముసలావిడ బకెట్లు పట్టుకుని నీళ్ల కోసం నడుస్తూ ఉంటుంది. ఊరి పంపు ఎండిపోతుంది, ఇంకా దూరం నడుస్తుంది. మా అమ్మమ్మది మార్కాపురం దగ్గర పల్లె. బిందె దించాక ఆవిడ అరచెయ్యి నడుముకి ఆనించి ఒక్క క్షణం నిలబడేది, ఏమీ అనేది కాదు. నాకు తెర మీద ఆవిడే కనిపించింది. అక్కణ్ణుంచి సబ్‌టైటిల్స్ చదవడం మానేశాను. ఆ ఏడాది సువర్ణ చకోరం దానికే వచ్చింది. ఇలాంటివి మన ఊళ్ల మీద తెలుగులో ఎందుకు తీయరని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే మా షాపుకొచ్చే పిల్లల్లో ఎవరైనా కథలు రాస్తారని తెలిస్తే, పట్టుబట్టి వాళ్ల చేత రిజిస్ట్రేషన్ చేయిస్తాను.

సినిమా అయ్యాక దర్శకులు హాల్లో ఉంటే మాట్లాడతారు. లేచి వెళ్లిపోకండి. అడగాలనుకున్నది తెలుగులో అనుకుని, చిన్న ఇంగ్లిష్ వాక్యంగా రాసుకుని అడగండి. వాళ్లు మన ఇంగ్లిష్ వైపు చూడరు, చాలామందికి వాళ్లదీ అంతే.

తిండికి ఇబ్బంది లేదు. బస్టాండు పక్కనే ఇండియన్ కాఫీ హౌస్ ఉంది, లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు కట్టిన ఎర్రటి గుండ్రటి భవనం. లోపల నేల మెలికలు తిరుగుతూ పైకి వెళ్తుంది, గోడ వెంబడే బల్లలు. మసాలా దోసెలో బీట్‌రూట్ వేస్తారు, మొదటిసారి చూస్తే కంగారు పడకండి. హాళ్లలో ఏసీ చలి, బయట ఉక్క. శాలువా సంచీలో ఉండాలి. గొడుగు కూడా.

తిరుగు టికెట్టు ముగింపు శుక్రవారానికి తీసుకోవద్దు, శనివారం పొద్దున శబరికి తీసుకోండి. శుక్రవారం సాయంత్రం నిశాగంధి అనే ఆరుబయట థియేటర్లో బహుమతులిచ్చాక, సువర్ణ చకోరం వచ్చిన సినిమాని అక్కడే మళ్లీ వేస్తారు. మనం క్యూలో నిలబడి చూసిన సినిమాయే గెలిస్తే, అంతమందితో కలిసి ఇంకోసారి చూడొచ్చు.