ఇంటి కంప్యూటర్‌కి వీపీఎన్ ఎలా ఎంచుకోవాలి?

వీపీఎన్ కోసం వెతకడం మొదలుపెట్టగానే కనిపించేవి ఎన్ని దేశాలు, ఎన్ని వేల సర్వర్లు, ఎంత డిస్కౌంట్, ఆ డిస్కౌంట్ పక్కన సెకన్లు తగ్గిపోతూ ఉండే గడియారం. వీటిలో ఏదీ అసలు సంగతి చెప్పదు. వీపీఎన్ ఆన్ చేశాక మీ కంప్యూటర్ నుంచి బయటికి వెళ్ళేదంతా ముందు ఆ కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, అక్కడి నుంచి మిగతా ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. మీ ఇంటర్నెట్ ప్రొవైడర్ ఇప్పటిదాకా చూడగలిగిన చోట ఇకమీదట ఈ కంపెనీ కూర్చుంటుంది. కాబట్టి కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకటే, వీళ్ళని నమ్మొచ్చా, నమ్మడానికి ఆధారం ఏం చూపిస్తున్నారు అని.

నేను మొదటిసారి కొన్నప్పుడు ఇదేమీ ఆలోచించకుండా, తక్కువలో వస్తోంది కదా అని మూడేళ్ళ ప్లాన్ ఒకేసారి కట్టేశాను. రెండు నెలల తర్వాత తెలిసింది, కనెక్షన్ తెగినప్పుడల్లా నా అసలు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ని గుర్తించే నంబర్) బయటికి పోతోందని. అప్పటికి రీఫండ్ గడువు దాటిపోయింది. కింద రాసిన వరుస ఆ తర్వాత నేను పాటిస్తున్నది.

1. ముందు మీకెందుకు కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

నిజంగానే కాగితం మీద రాయండి, ఎందుకంటే చాలామందికి ఈ మెట్టు దగ్గరే అవసరం లేదని తేలిపోతుంది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తున్నాయి, బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య వెళ్ళేదాన్ని దారిలో ఎవరూ చదవలేకుండా మార్చే పద్ధతి అది. అంటే మీరు బ్యాంకు సైట్‌లో టైప్ చేసిన పాస్‌వర్డ్ వీపీఎన్ లేకపోయినా ప్రొవైడర్‌కి కనిపించదు, మీరు ఏ సైట్‌కి వెళ్ళారన్నది మాత్రం మామూలుగా తెలుస్తుంది. వీపీఎన్ ఆ సైట్ల పేర్లని ప్రొవైడర్ నుంచి దాస్తుంది, మీ ఐపీ అడ్రస్‌ని సైట్ల నుంచి దాస్తుంది, మీది కాని వైఫై వాడుతున్నప్పుడు దారిలో ఎవరూ తొంగిచూడకుండా కాపాడుతుంది. ఇంట్లో వైఫై మీదే కాబట్టి ఈ మూడోది ఇక్కడ పెద్ద కారణం కాదు, ప్రకటనల్లో ఎక్కువగా భయపెట్టేది మాత్రం దాని గురించే.

వీపీఎన్ చేయలేనివి కూడా తెలియాలి. మీరు గూగుల్‌లో లాగిన్ అయి ఉంటే గూగుల్‌కి మీరెవరో తెలుసు, ఐపీ మారినా తెలుసు. కుకీలు (సైట్లు మీ బ్రౌజర్‌లో దాచుకునే గుర్తులు), బ్రౌజర్‌ని దాని ఫాంట్లూ స్క్రీన్ సైజూ చూసి గుర్తుపట్టే పద్ధతులు, ఇవేవీ ఆగవు. నకిలీ లింక్ నొక్కి మీ చేతులతో మీరే పాస్‌వర్డ్ ఇస్తే అదీ ఆపదు. కొన్ని యాప్‌లలో హానికరమైన సైట్లని అడ్డుకునే ఫిల్టర్ ఉంటుంది, కానీ అది యాంటీవైరస్ పని మొత్తం చేయదు.

ఆఫీసు వాళ్ళు ఇచ్చే వీపీఎన్ వేరే సంగతి, అది ఆఫీసు నెట్‌వర్క్ లోపలికి వెళ్ళడానికి, దానికి మీరేమీ కొనక్కర్లేదు. అలాగే కొన్ని దేశాల్లో వీపీఎన్ మీద ఆంక్షలున్నాయి, మీరుండే చోట చట్టం ఏమంటోందో ముందే చూసుకోండి.

2. ఫ్రీ వాటిని పక్కన పెట్టండి, ఒకటీ అరా తప్ప

సర్వర్లకి, బ్యాండ్‌విడ్త్‌కి ప్రతి నెలా డబ్బు ఖర్చవుతుంది. మీరు కట్టకపోతే ఎవరో కట్టాలి, ఎవరు కడుతున్నారో కనుక్కోండి. హోలా అనే ఫ్రీ సర్వీస్ విషయం 2015లో బయటపడింది, వాడుకునేవాళ్ళ ఇంటర్నెట్ కనెక్షన్‌నే వేరేవాళ్ళకి దారిగా అమ్ముతున్నారని. అంటే మీకు తెలియకుండా ఇంకెవరో మీ ఐపీ మీద తిరుగుతుంటారు, వాళ్ళు ఏం చేసినా ముందు కనిపించేది మీ అడ్రస్. ఒనావో ప్రొటెక్ట్ అనే యాప్‌ని ఫేస్‌బుక్ 2013లో కొని, దాని ద్వారా జనం ఏయే యాప్‌లు వాడుతున్నారో చూస్తూ వచ్చింది, 2018లో యాపిల్ నియమాల వల్ల దాన్ని యాప్ స్టోర్ నుంచి తీసేయాల్సి వచ్చింది. 2020లోనైతే లాగ్స్ (ఎవరు ఎప్పుడు ఎలా వాడారన్న రికార్డులు) ఉంచబోమని చెప్పుకున్న కొన్ని ఫ్రీ వీపీఎన్‌ల డేటా తాళం లేని సర్వర్ మీద దొరికింది, ఉంచబోమన్న లాగ్సే అందులో ఉన్నాయి.

పేరున్న కంపెనీ డబ్బు కట్టేవాళ్ళ మీద నడుస్తూ, పక్కన చిన్న ఫ్రీ ప్లాన్ ఇస్తే అది వేరు. ప్రోటాన్ వీపీఎన్ అలాంటిది. ఒక్క డివైస్ మీదే పనిచేస్తుంది, సర్వర్లు తక్కువ, కానీ డేటా పరిమితి లేదు. అసలు వీపీఎన్ మీకు పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక నెల దాన్ని వాడి చూడటం మంచి పద్ధతే.

3. లాగ్స్ ఉంచబోమన్న మాటకి రుజువు అడగండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ప్రతి కంపెనీ హోం పేజీ మీద లాగ్స్ ఉంచబోమనే ఉంటుంది. దాన్ని వదిలేసి ప్రైవసీ పాలసీ తెరవండి. మీ అసలు ఐపీ అడ్రస్, మీరు కనెక్ట్ అయిన సమయం, మీకు ఆ సమయంలో ఇచ్చిన ఐపీ, ఈ మూడింటి గురించి ఏం రాశారో వెతకండి. ఏ సైట్లు చూశారో రాసుకోకపోయినా ఈ మూడూ కలిపి దాచుకుంటే ఫలానా సమయంలో ఫలానా ఐపీ వాడింది మీరే అని చెప్పేయొచ్చు.

2017లో సరిగ్గా ఇదే జరిగింది. లాగ్స్ ఉంచబోమని చెప్పుకున్న ప్యూర్‌వీపీఎన్ దగ్గర దొరికిన కనెక్షన్ రికార్డులు ఎఫ్‌బీఐ దర్యాప్తులో ఒక నిందితుణ్ణి గుర్తించడానికి ఉపయోగపడ్డాయి. అతను చేసిన వేధింపులు నీచమైనవి, అతను దొరకడం మంచిదే. కానీ కంపెనీ చెప్పిన మాటకీ, దాని సర్వర్లలో ఉన్నదానికీ తేడా ఉందన్న సంగతి కూడా దాంతోపాటే బయటపడింది. తర్వాత ఆ కంపెనీ పాలసీ మార్చుకుని బయటివాళ్ళతో ఆడిట్లు చేయించుకుంది.

దీనికి ఎదురుగా రెండు ఉదాహరణలు. టర్కీలో రష్యా రాయబారి హత్య కేసు దర్యాప్తులో అక్కడి అధికారులు ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ సర్వర్‌ని స్వాధీనం చేసుకుని చూశారు, పనికొచ్చే లాగ్స్ ఏవీ దొరకలేదని 2017లో తెలిసింది. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సోదా వారెంట్‌తో మల్‌వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకి వెళ్ళారు, కస్టమర్ల వివరాలు అసలు ఉండవని కంపెనీ వాళ్ళు వివరించాక ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోయారు. మల్‌వాడ్‌లో ఖాతా తెరవడానికి ఈమెయిల్ కూడా అడగరు, ఒక నంబర్ ఇస్తారు, అంతే. తీసుకోని వివరం ఎవరికీ ఇవ్వలేరు కదా. నా దృష్టిలో ఎంత అందంగా రాసిన పాలసీ అయినా ఇలాంటి సంఘటన ముందు తక్కువే.

అలాంటి పరీక్ష ఎదురుకాని కంపెనీలే ఎక్కువ కాబట్టి మిగతావాటికి ఆడిట్ చూడండి. క్యూర్53, డెలాయిట్ లాంటి సంస్థలు చేస్తాయి. ఆడిట్ అయిందన్న మాట చూసి ఆగిపోకుండా దేని మీద చేశారు, ఎప్పుడు చేశారు, రిపోర్ట్ మొత్తం చదవనిస్తున్నారా అని చూడాలి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ని (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాంని) మాత్రమే ఆడిట్ చేయించి కంపెనీ మొత్తానికి ముద్ర పడినట్టు చెప్పుకుంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మూడు నాలుగేళ్ళ కిందటి రిపోర్ట్ కూడా ఇప్పటి సర్వర్ల గురించి పెద్దగా చెప్పదు.

తప్పు జరిగినప్పుడు ఎలా ప్రవర్తించారన్నది కూడా వెతకండి. నార్డ్‌వీపీఎన్ ఫిన్లాండ్‌లో అద్దెకి తీసుకున్న ఒక సర్వర్‌లోకి 2018లో ఎవరో చొరబడ్డారు, ఆ సంగతి జనానికి తెలిసింది 2019 అక్టోబర్‌లో. అంత ఆలస్యం నాకు నచ్చలేదు. ఆ తర్వాత వాళ్ళు డిస్క్ లేకుండా ర్యామ్ మీదే నడిచే సర్వర్లకి మారడం, ఆడిట్లు చేయించుకోవడం మాత్రం మంచి పనులే. ర్యామ్ మీద నడిచే సర్వర్‌ని ఆపేస్తే అందులో ఉన్నదంతా పోతుంది, ఎవరైనా ఎత్తుకెళ్ళినా మిగిలేది ఖాళీ పెట్టే.

4. కంపెనీ ఎవరిది, రివ్యూ రాసింది ఎవరు?

సైబర్‌ఘోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ మూడూ వేర్వేరు పేర్లు, కానీ మూడింటినీ కేప్ టెక్నాలజీస్ అనే ఒక్క కంపెనీ కొనేసింది. అదే కంపెనీ 2021లో వీపీఎన్‌మెంటార్ అనే రివ్యూ సైట్ నడిపే సంస్థని కూడా కొంది. నార్డ్‌వీపీఎన్ కంపెనీ, సర్ఫ్‌షార్క్ అనే మరో వీపీఎన్ కంపెనీ 2022లో కలిసిపోయాయి. ఒకే యజమాని ఉండటం తప్పు కాదు, కానీ మొదటి ఐదు అని వచ్చే పట్టికలో మూడు ఒకే ఇంటివని తెలియకుండా పోల్చుకుంటే ఆ పోలికకి అర్థం లేదు. పైగా చాలా రివ్యూ సైట్లకి మీరు లింక్ నొక్కి కొంటే కమిషన్ వస్తుంది. యూట్యూబ్‌లో స్పాన్సర్ చేసిన వీడియోలదీ అదే పద్ధతి. కమిషన్ పద్ధతి అసలు పెట్టుకోని కంపెనీలు ఆ పట్టికల్లో అడుగున ఉండటమో, అసలు లేకపోవడమో చూస్తుంటాం, అంతమాత్రాన వాటిని వదిలేయకండి.

5. యాప్‌లో తప్పకుండా ఉండాల్సినవి

వైర్‌గార్డ్ ప్రోటోకాల్ (మీ కంప్యూటర్‌కీ వీపీఎన్ సర్వర్‌కీ మధ్య డేటా నడిచే పద్ధతి) ఉండాలి, లేదా దాని మీద కట్టిన సొంత రకం. వైర్‌గార్డ్ 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లోకి చేరింది, కోడ్ చాలా చిన్నది, వేగం బాగుంటుంది. ఓపెన్‌వీపీఎన్ అనే ఇంకో ప్రోటోకాల్ పాతదైనా నమ్మకమైనదే. ఇంకా పీపీటీపీ అనే పాత ప్రోటోకాల్ ఇస్తున్నామని గొప్పగా చెప్పుకునే చోట కొనకండి, దాని భద్రత ఎప్పుడో బద్దలైంది.

కిల్ స్విచ్ ఉండాలి, వీపీఎన్ తెగితే ఇంటర్నెట్ మొత్తం ఆపేసేది. చాలా యాప్‌లలో ఇది ఉంటుంది కానీ ఆన్ చేసి ఉండదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీరే ఆన్ చేయాలి. నా మూడేళ్ళ ప్లాన్‌తో దెబ్బతిన్నది ఇక్కడే, మా కంప్యూటర్‌కున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేసిన యాప్‌లో ఆ ఆప్షనే లేదు. అందుకే మీ సిస్టమ్ విండోసా, మ్యాకా, లినక్సా అన్నది చూసి, ఆ యాప్‌లో ఏమేం ఉన్నాయో విడిగా చదవండి, ఫోన్ యాప్‌లో ఉన్నదల్లా కంప్యూటర్ యాప్‌లో ఉంటుందని అనుకోకండి.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఒక్కటే పెట్టుకుంటే ఆ బ్రౌజర్‌లోని ట్రాఫిక్ మాత్రమే వెళ్తుంది, మిగతా ప్రోగ్రాములు మామూలు దారిలోనే పోతుంటాయి.

స్ప్లిట్ టన్నెలింగ్, అంటే ఏ ప్రోగ్రాములు వీపీఎన్ దారిలో వెళ్ళాలో ఏవి వద్దో ఎంచుకునే వీలు, ఉంటే మేలు. ఐపీ ఉన్నట్టుండి వేరే దేశానిదిగా కనిపిస్తే బ్యాంకు సైట్లు లాగిన్ ఆపేస్తుంటాయి, అలాంటివాటి కోసం ఒక బ్రౌజర్‌ని వీపీఎన్ బయట ఉంచుకోవచ్చు.

6. ఒక నెల ప్లాన్ కొని, మొదటి వారంలోనే పరీక్షించండి

నెలవారీగా చూస్తే ఖరీదు ఎక్కువే, అయినా మొదట ఒక నెలే తీసుకోండి. లేదా రీఫండ్ ఉన్న ప్లాన్ తీసుకుని, గడువుకి ఐదు రోజుల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

స్పీడ్ చూడటానికి కంప్యూటర్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలపండి, వైఫై అయితే తేడా దేని వల్ల వచ్చిందో తెలియదు. వీపీఎన్ లేకుండా మూడుసార్లు, దగ్గరి సర్వర్‌తో మూడుసార్లు, దూరపు సర్వర్‌తో మూడుసార్లు స్పీడ్ టెస్ట్ చేసి రాసుకోండి. ఇదంతా రాత్రి అందరూ నెట్ వాడే వేళ చేయండి, తెల్లవారుజామున అన్నీ బాగానే పరిగెడతాయి. డౌన్‌లోడ్ వేగంతో పాటు పింగ్ (సర్వర్‌కి సందేశం వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం) కూడా చూడండి, వీడియో కాల్స్ చేసేవాళ్ళకీ గేమ్స్ ఆడేవాళ్ళకీ అదే ముఖ్యం. సర్వర్ దూరమయ్యే కొద్దీ పింగ్ పెరుగుతుంది, అది ఏ కంపెనీ చేతిలోనూ లేదు.

తర్వాత లీక్ పరీక్ష. వీపీఎన్ ఆపి ఐపీలీక్ డాట్ నెట్ తెరిచి, అక్కడ కనిపించే ఐపీ అడ్రస్, డీఎన్ఎస్ సర్వర్లు (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతికిపెట్టేవి) రాసుకోండి. వీపీఎన్ ఆన్ చేసి పేజీ మళ్ళీ తెరవండి. పాత ఐపీ గానీ, మీ ప్రొవైడర్ డీఎన్ఎస్ గానీ ఎక్కడైనా కనిపిస్తే లీక్ అవుతున్నట్టే, అంటే మీరు ఏ సైట్ పేరు అడిగారో ప్రొవైడర్‌కి ఇంకా తెలుస్తోంది. ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్) వరుసనీ, వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లో వీడియో కాల్స్‌కి వాడే పద్ధతి) వరుసనీ కూడా చూడండి, ఐపీవీ4 (పాత రకం అడ్రస్) సరిగ్గా ఉండి ఈ రెండింట్లో బయటపడటం మామూలుగా జరిగేదే. చివరిగా కిల్ స్విచ్: కేబుల్ తీసి మళ్ళీ పెట్టి (వైఫై అయితే ఆపి మళ్ళీ ఆన్ చేసి), వీపీఎన్ తిరిగి కనెక్ట్ అయ్యేలోపు ఆ పేజీని పదేపదే రిఫ్రెష్ చేయండి. పేజీ తెరుచుకోకూడదు. తెరుచుకుని మీ అసలు ఐపీ చూపిస్తే, సెట్టింగ్స్ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసి, ఉంటే గనక ఆ సర్వీస్ వదిలేయండి.

7. డబ్బు, రద్దు

చెక్అవుట్ పేజీలో మొదటి గడువు ధర పెద్ద అక్షరాల్లో, రెన్యువల్ ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండోదే మీరు ఏళ్ళ తరబడి కట్టబోయేది. కొన్న రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి, ఆపినా కట్టిన గడువు దాకా పనిచేస్తుందో లేదో షరతుల్లో చూసుకుని. రీఫండ్ అడిగితే చాట్‌లో వెంటనే ఒప్పుకోకుండా ఇంకో సర్వర్ ప్రయత్నించండి, ఇంకో సెట్టింగ్ మార్చండి అని రోజులు గడిపేస్తారు కొందరు. రీఫండ్ కావాలని ఈమెయిల్‌లో తేదీతో సహా రాసి పంపండి, ఆ కాపీ దాచుకోండి.

వద్దనుకుని యాప్ తీసేసే ముందు కిల్ స్విచ్ ఆఫ్ చేసి, కనెక్షన్ తెంచి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కిల్ స్విచ్ ఆన్‌లో ఉండగా తీసేస్తే అది పెట్టిన ఫైర్‌వాల్ నియమాలు ఒక్కోసారి అలాగే మిగిలిపోయి కంప్యూటర్‌లో ఇంటర్నెట్ అసలు రాదు, ప్రొవైడర్‌కి ఫోన్ చేసినా వాళ్ళ వైపు అంతా బాగానే ఉందంటారు. అలా జరిగితే అదే యాప్‌ని పెన్‌డ్రైవ్ ద్వారా మళ్ళీ పెట్టి, కిల్ స్విచ్ ఆపి, ఇంకోసారి తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.