ట్రోల్ చేసేవారు మనసును లొంగదీసుకునే తీరు: పక్కనున్నవారు ఏం చేయాలి

ట్రోలింగ్ అంటే చాలామందికి బూతులు, వెటకారమే గుర్తుకు వస్తాయి. అప్పటికే దిగులుతోనో ఒంటరితనంతోనో ఉన్న మనిషిని ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం ఆ తిట్లకు ముందూ వెనుకా పథకం ప్రకారం నడిచే వ్యవహారం. అందులో చిక్కుకున్నవారికి అది కనబడదు కాబట్టి, ఈ సూచనలను ముఖ్యంగా వారి అక్కకో, అన్నకో, హాస్టల్‌లో ఒకే గదిలో ఉండే స్నేహితురాలికో ఉద్దేశించి రాస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక హాస్టల్‌లో ఉంటూ డిగ్రీ చదువుతున్న అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె ఆర్కే బీచ్‌లో తీసుకున్న వీడియోలో తన ఊరి యాసలోనే మాట్లాడితే, ఎవరో "ఏటి, ఈవిడ కూడా యాంకరేనేటి?" అని కామెంట్ పెట్టారు. ఉత్తరాంధ్ర యాసను వెక్కిరించడం మనకు కొత్త కాదు గనుక చూసేవారు నవ్వి వదిలేస్తారు. కానీ ఇలాంటి కామెంట్ చాలాసార్లు ఒక పరీక్ష. ఆమె స్పందించకపోతే అతను మరొకరిని వెతుక్కుంటాడు. తాను ఎంత కష్టపడి చదువుతున్నదో, ఆ మాట తనను ఎంత బాధించిందో వివరిస్తూ ఆమె పెద్ద జవాబు రాస్తే, నొప్పి ఎక్కడున్నదో అతనికి ఆమే చూపించినట్టవుతుంది. ఆ తర్వాత అతను పాత పోస్టులు తిరగేస్తాడు. తండ్రి పోయిన రోజు రాసుకున్న మాటలు, తప్పిన సబ్జెక్టు, అర్ధరాత్రి పెట్టి తెల్లవారేసరికి తీసేసిన స్టోరీ అతని చేతిలో ఆయుధాలవుతాయి.

రెండో దశ ఇంతకన్నా ప్రమాదకరం. ఒక ఐడీతో వేధించిన మనిషే మరో ఐడీతో వచ్చి ఓదార్చవచ్చు. లేదా ఒకే ఐడీ నుంచి రెండు రోజులు అవమానించి, మూడో రోజు "నిన్ను అర్థం చేసుకునేది నేనొక్కడినే" అని మెసేజ్ పెట్టవచ్చు. ప్రతిసారీ దొరికే బహుమతి కన్నా, ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి అలవాటును మరింత మొండిగా నిలబెడుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. ఆ ఒక్క మంచి మాట కోసమే ఆమె పదేపదే ఫోన్ తీసి చూస్తుంది. ఇంతలో "జోక్‌కి కూడా ఏడుస్తావా", "నేనెప్పుడన్నాను", "అసలు బాధపడింది నేను" అంటూ, పంపిన మెసేజ్‌లను తొలగిస్తూ, అతను ఆమె జ్ఞాపకశక్తి మీదే ఆమెకు అనుమానం పుట్టిస్తాడు. చివరికి "మీ హాస్టల్ వాళ్లే నీ గురించి చెప్పారు" అన్న ఒక్క మాటతో, సాయం చేయగలిగిన వారందరినీ ఆమెకు దూరం చేస్తాడు.

ముక్కూమొహం తెలియనివాళ్ల మాటలు పట్టించుకోవద్దని చెప్పడం సులువే. అయితే 2000లో మనస్తత్వవేత్త కిప్లింగ్ విలియమ్స్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, కంప్యూటర్ తెర మీద ఒక వస్తువును విసురుకునే ఆటలో ముక్కూమొహం తెలియనివాళ్లు తమవైపు విసరకపోతేనే పాల్గొన్నవారు బాధపడ్డారు. మనిషి మనసు అలాంటిది. ఇక 2014లో కెనడా మనస్తత్వవేత్తలు ప్రచురించిన అధ్యయనం, ట్రోలింగ్‌ను ఇష్టపడటానికీ పరులను బాధపెట్టి ఆనందించే స్వభావానికీ బలమైన సంబంధం ఉందని తేల్చింది. అలాంటి మనిషికి ఎంత ఓపికగా సంజాయిషీ ఇచ్చినా అతనికి వినోదమే మిగులుతుంది.

ఆమె రాత్రిళ్లు లేచి ఫోన్ చూస్తున్నా, మెస్‌కు రావడం మానేసినా, "నేను నిజంగా అలాంటిదాన్నేనా?" అని అడుగుతున్నా మీరు కదలాలి. మన ఇళ్లలో ముందుగా జరిగేది ఫోన్ లాక్కోవడం, ఆపైన "అసలు వీడియోలు ఎవరు పెట్టమన్నారు?" అని నిలదీయడం. దాంతో తప్పంతా తనదేనని అతను నూరిపోసిన మాటకు ఇంటివాళ్లే సాక్ష్యం చెప్పినట్టవుతుంది, ఆమె ఇక ఏదీ చెప్పదు. దానికి బదులు పక్కన కూర్చుని, "ఇవన్నీ నువ్వు చదవక్కర్లేదమ్మా, నువ్వు సరేనంటే నేను చూస్తాను" అని అడగండి. మొదటి నుంచి వరుసగా చదివితే, ఏ రోజు తిట్టాడో ఏ రోజు బుజ్జగించాడో మీకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వరుసను తేదీలతో ఒక కాగితం మీద రాసి ఆమెకు చూపిస్తే, తన జ్ఞాపకం తప్పు కాదని ఆమెకు నమ్మకం కలుగుతుంది.

బ్లాక్ చేయడానికి ముందే ఆధారాలు తీసుకోవాలి. మెసేజ్‌తో పాటు యూజర్ పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ప్రొఫైల్ లింకును విడిగా రాసి పెట్టుకోండి, చాట్‌ను తొలగించవద్దు. ఆ తర్వాత చివరి మాటంటూ ఏమీ రాయకుండా రిపోర్ట్ చేసి, బ్లాక్ చేయాలి. స్నేహితులంతా కలిసి అతని మీద పడటం మంచిది కాదు, అతను కోరుకునేది ఆ సందడే.

నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. 1930 హెల్ప్‌లైన్ నంబరు ముఖ్యంగా డబ్బు పోయిన కేసుల కోసం. విశాఖ నగర పోలీసు కమిషనరేట్‌కు సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉన్నప్పటికీ, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన తీరును చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. స్త్రీ ఇంటర్నెట్ వాడకం మీద నిఘా వేస్తూ వెంటాడటం నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి, పేరు దాచి బెదిరించడం 351వ సెక్షన్ కిందికి వస్తాయి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టివేసింది, ఫిర్యాదులో దాన్ని రాయకండి.

"చచ్చిపో" అంటూ మెసేజ్‌లు వస్తున్నా, ఆమె మాటల్లో ఆ ఛాయ వినిపించినా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి; అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. వస్తోందంటే ఆమెను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖలోని చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి.

అంతా సద్దుమణిగిన కొన్ని వారాలకు కొత్త ఐడీ నుంచి క్షమాపణ రావచ్చు. అది ఎంత నిజాయితీగా ధ్వనించినా జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి, పాత ఫిర్యాదుకు జతచేయమని పోలీసులకు ఇవ్వండి.