ఇంటి నెట్‌వర్క్ సొంతంగా – 5వ పాఠం: పైన రౌటరు పెడితే కింద నెట్ పోయింది

ఈసారి కేబుల్‌కి క్లిప్పు కొట్టడం నేర్చుకోవాలి. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పాత రౌటరును పై పోర్షన్‌లో యాక్సెస్ పాయింట్‌గా (కింది నెట్‌నే పైన వైఫైగా పంచే పెట్టెగా) పెట్టుకునే నాలుగో పాఠం చేశాక చాలా ఇళ్లలో పైన నెట్ రాలేదు సరికదా, కింద ఉన్నది కూడా పోయింది. ముందు దాని సంగతి చూద్దాం.

మీరు చెప్పిన లక్షణాలన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. నాన్నగారి ఫోన్లో నెట్ వస్తుంది, పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌లో రాదు. వైఫై గీతలు నిండుగా ఉంటాయి, ఒక్క పేజీ తెరుచుకోదు. మధ్యాహ్నం దాకా బాగానే ఉండి, కరెంటు పోయి వచ్చాక అందరికీ ఆగిపోయింది. మరీ విచిత్రంగా, యూట్యూబ్ వస్తోంది కానీ బ్యాంకు సైటు రావడం లేదు. ఇవి వేర్వేరు రోగాలనుకుని ఒకరు డీఎన్ఎస్ మార్చారు, ఒకరు వైఫై ఛానెల్ మార్చారు, ఇంకొకరు కొత్త కేబుల్ కొన్నారు. రోగం ఒక్కటే. ఇంట్లో రెండు డీహెచ్‌సీపీలు, అంటే పరికరాలకు అడ్రసులు పంచే ఏర్పాట్లు, నడుస్తున్నాయి.

ఫోను వైఫైలో చేరగానే "నాకో అడ్రసు కావాలి" అని నెట్‌వర్క్ మొత్తానికీ వినబడేలా అడుగుతుంది. ఫలానా పెట్టెనే అడగాలని దానికి తెలియదు. కింద ఫైబర్ వాళ్ల పెట్టె (192.168.1.1 అనుకుందాం) బదులిస్తుంది. పైన పాత రౌటరు (192.168.0.1 అనుకుందాం) కూడా బదులిస్తుంది. ఎవరి బదులు ముందు అందితే సాధారణంగా ఫోను వాళ్లదే తీసుకుంటుంది. ఆ బదులులో అడ్రసుతో పాటు గేట్‌వే కూడా ఉంటుంది, అంటే బయటికి వెళ్లాలంటే ఏ పెట్టె దగ్గరికి పోవాలో. బస్టాండులో ఇద్దరు ఎంక్వయిరీ గుమాస్తాలు కూర్చుని, అందులో ఒకాయన అసలు బస్సే రాని ప్లాట్‌ఫారానికి పంపిస్తుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పై రౌటరు "నా దగ్గరికి రండి" అంటుంది, కానీ దాని వెనక ఫైబర్ లేదు.

ఇప్పుడు ఆ లక్షణాలు మళ్లీ చదవండి. నాన్నగారి ఫోనుకు కింది పెట్టె ముందు పలికింది, ల్యాప్‌టాప్‌కు పైది పలికింది. కరెంటు వచ్చాక పాత రౌటరు చప్పున లేచి కూర్చుంటుంది. ఫైబర్ పెట్టె లేవడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ మధ్యలో అడిగినవన్నీ తప్పు గేట్‌వే పట్టుకుంటాయి. ఇక యూట్యూబ్ సంగతి. నెట్ అడ్రసుల్లో పాత పద్ధతి ఐపీవీ4 (ఈ 192.168 అంకెలు అవే), కొత్తది ఐపీవీ6. ఐపీవీ6 ఉన్న కనెక్షన్లలో ఆ దారి ఈ డీహెచ్‌సీపీతో పనిలేకుండా కింది పెట్టె నుంచే నేరుగా వస్తుంది. గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ లాంటివి ఐపీవీ6 మీద నడుస్తాయి కాబట్టి తెరుచుకుంటాయి. ఐపీవీ4 మాత్రమే ఉన్న సైట్లు ఆగిపోతాయి.

"వదిలేస్తే అదే సర్దుకుంటుందేమో" అని ఎదురుచూసినవాళ్లకు ఒక మాట. సర్దుకోదు. అడ్రసు గడువులో సగం గడిచాక పరికరం పొడిగింపు అడుగుతుంది. ఈసారి అందరినీ అడగదు, మొదట ఇచ్చిన పెట్టెనే అడుగుతుంది. తప్పు పెట్టె సంతోషంగా పొడిగిస్తుంది. వైఫై ఆపి మళ్లీ వేస్తే అదృష్టం కలిసొచ్చి దారిలో పడొచ్చు, అంతే. "రీస్టార్ట్ చేస్తే బాగయింది" అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోనిది ఇందుకే.

నిర్ధారణకు అర నిమిషం చాలు. రాని ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి (అదెలాగో మళ్లీ చెప్పను) ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే వరుసలో 192.168.0.1 కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఫోన్లో అయితే వైఫై పేరు మీద నొక్కితే వివరాల్లో గేట్‌వే ఉంటుంది. దీనికోసం ప్రత్యేకంగా యాప్‌లు దించుకోకండి, సగం యాప్‌లు ప్రకటనలు చూపించడానికే పుట్టాయి.

రెండు పెట్టెలదీ 192.168.1.1 అయితే మాత్రం ఈ పరీక్ష తేల్చదు. గేట్‌వే ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది. నెట్ కాసేపు వచ్చి కాసేపు పోతుంటే ఏఆర్‌పీ మైనస్ ఏ (arp -a) కమాండ్ కొట్టి, 192.168.1.1 ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రసును (ప్రతి పెట్టెకూ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యను) పెట్టెల వెనక స్టిక్కర్లతో పోల్చండి. అంకెలు పూర్తిగా కలవకపోయినా, ఏ స్టిక్కరుకు దగ్గరగా ఉన్నాయో చూస్తే ఎవరు పలుకుతున్నారో తెలుస్తుంది.

సరిచేసే పని. ఇందులో వరుసే ముఖ్యం. కింద నుంచి వచ్చే కేబుల్‌ను పై రౌటరు నుంచి పీకేయండి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో పై రౌటరుకే కలపండి. బ్రౌజరులో దాని సెట్టింగుల పేజీ తెరిచి, ల్యాన్ అడ్రసు (ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.1.2 చేయండి. (కింది పెట్టె 192.168.29.1 అయితే, జియో ఫైబర్ పెట్టెల్లో సాధారణంగా అదే ఉంటుంది, పైది 192.168.29.2.) సేవ్ నొక్కగానే పేజీ బిగుసుకుపోతుంది. అది చెడిపోవడం కాదు, రౌటరు కొత్త అడ్రసుకు మారిపోయింది. కేబుల్ తీసి పెట్టి కొత్త అడ్రసుతో తెరవండి. ఇప్పుడు డీహెచ్‌సీపీ ఆపేయండి. ఆ తర్వాతే కింది కేబుల్ తెచ్చి ల్యాన్ రంధ్రంలో పెట్టండి. చాలా రౌటర్లలో వేరే రంగులో విడిగా ఉండే వ్యాన్ రంధ్రం (బయటి నెట్ కోసం ఉన్నది) జోలికి పోవద్దు. డీహెచ్‌సీపీ ఆపేశాక అందులో పెడితే పై ఫోన్లకు అడ్రసు ఇచ్చేవాళ్లే ఉండరు, నెట్ రాదు.

కింది పెట్టెలో కూడా ఒక చిన్న పని ఉంది. దాని డీహెచ్‌సీపీ అడ్రసు చివరి సంఖ్యను 2 నుంచి 254 దాకా పంచుతుంటే, మనం చేత్తో పెట్టిన 2ను ఏదో ఒకరోజు ఎవరి టీవీకో ఇచ్చేస్తుంది. పంపకం 100 నుంచి 200 దాకా ఉండేలా కుదించండి. నేను ప్రతి పెట్టె మీదా తెల్ల ప్లాస్టరు అంటించి అడ్రసు రాసి పెడతాను. కొత్త రౌటర్లలో ఇదంతా ఒక్క నొక్కుతో చేసే యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటుంది, వాడుకోండి; తర్వాత దాని అడ్రసు ఏమైందో వెతుక్కోవడం విసుగని నేను వాడను.

ఇక నాకు ఒళ్లు మండే విషయం.

డీహెచ్‌సీపీ ఆపాక, కింది కేబుల్ ఇంకా పెట్టకముందు, ల్యాప్‌టాప్ కేబుల్ ఒకసారి కదిలినా దాని అడ్రసు 169.254తో మొదలయ్యేదిగా మారిపోవచ్చు. అప్పుడు పేజీ తెరుచుకోదు. ఇది చూసి "రౌటరు పోయింది" అనుకుని, సూది తెచ్చి రీసెట్ రంధ్రంలో గుచ్చారు. ఏం జరిగింది? పాత అడ్రసు తిరిగొచ్చింది, డీహెచ్‌సీపీ మళ్లీ ఆన్ అయింది, మొత్తం మొదటికొచ్చింది. ఆ కంగారులోనే కేబుల్ పెట్టేశారు. మీలో ఎక్కువమంది పడింది సరిగ్గా ఈ గుంటలోనే.

169.254 అంటే పాడైందని కాదు. "అడిగాను, ఎవరూ పలకలేదు, నాకు నేనే ఒకటి పెట్టుకున్నాను" అని విండోస్ చెప్పడం అది. విండోస్ 98 నాటి నుంచీ ఉన్న పద్ధతే. పలికేవాణ్ణి మీరే ఆపేశారు కదా, ఎవరు పలుకుతారు? డీహెచ్‌సీపీ నిజంగా ఆగిందనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు. లోపలికి వెళ్లాలంటే ల్యాప్‌టాప్ ఐపీవీ4 సెట్టింగులో చేత్తో 192.168.1.50, మాస్క్ 255.255.255.0 పెట్టి, 192.168.1.2 తెరవండి. పని కాగానే ఆటోమేటిక్‌కు మార్చండి. అదే 169.254 కింది పెట్టెకు కలిపిన కేబుల్ మీద వస్తే మాత్రం అర్థం వేరు: కేబులో, రంధ్రమో, కింది డీహెచ్‌సీపీనో చూడాలి. రీసెట్ అక్కడా కాదు.

కొందరు ఫైబర్ పెట్టెకే సూది గుచ్చారు. చాలా కనెక్షన్లలో దానిలో ఆపరేటర్ పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (వాళ్ల నెట్‌వర్క్‌లో మీ కనెక్షన్‌కు వాడే నంబరు) ఉంటాయి. అవి పోతే కనెక్షన్ ఇచ్చినాయన వచ్చేదాకా ఇల్లంతా మొబైల్ డేటాయే. రీస్టార్ట్ అంటే స్విచ్ ఆపి వేయడం. రీసెట్ అంటే మీరు, వాళ్లు రాసిందంతా చెరిపేయడం. ఈ రెండూ ఒకటనుకునేవాళ్ల ఇంట్లో ఆ రంధ్రం మీద ప్లాస్టరు వేయండి.

అభ్యాసం. ఇంట్లో ఎవరికీ ఆఫీసు కాల్స్, పరీక్షలు లేని ఆదివారం చూసుకోండి. అంతా బాగా నడుస్తుండగా, కావాలనే పై రౌటరులో డీహెచ్‌సీపీ ఆన్ చేయండి. ఇంట్లో ఉన్న ప్రతి పరికరంలో, టీవీతో సహా, వైఫైని మర్చిపొమ్మని చెప్పి మళ్లీ కలిపి, ఏ గేట్‌వే వచ్చిందో పట్టికలో రాయండి. ఒక్కోదానికి ఐదుసార్లు. తర్వాత డీహెచ్‌సీపీ ఆపేసి, తప్పు గేట్‌వే పట్టుకున్న ఒక ఫోనును ముట్టుకోకుండా వదిలేసి, అది ఎప్పటికి దారిలో పడుతుందో చూడండి. ఆ సమయాన్ని పై రౌటరు డీహెచ్‌సీపీ పేజీలో ఉన్న లీజు గడువుతో (అడ్రసు గడువుతో) పోల్చండి. అక్కడ 120 అని ఉంటే సాధారణంగా నిమిషాలు, 86400 అని ఉంటే సెకన్లు, అంటే ఒక రోజు.