పాత గేమింగ్ పీసీకి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు మార్చడం ఎలా? ముందు బయోస్ సంగతి చూడండి

మా విజయనగరంలో తరచూ ఎవడో ఒక కుర్రాడు క్యాబినెట్ చంకలో పెట్టుకుని మా గుమ్మం ఎక్కుతుంటాడు. "అన్నా, కొత్త ప్రాసెసర్ ఏశాను. ఫ్యాన్ తిరుగుతోంది గానీ డిస్‌ప్లే రావట్లేదు, ఏటయిందంటావ్?" ఏటీ అవలేదు నాయనా. ఆ ప్రాసెసర్‌ని గుర్తుపట్టే బయోస్ (ఆన్ చెయ్యగానే బోర్డుని లేపే, బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రామ్) వెయ్యకుండానే బిగించేశావు. పాతదేదిరా అంటే, అమ్మేశానంటాడు.

ఈ పద్ధతి 2017-2019 మధ్య ఏఎం4 బోర్డు (ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు ఎక్కే మదర్‌బోర్డు) కొన్నవాళ్లకి. అంటే బీ350, బీ450 రకం బోర్డుల మీద రైజెన్ 5 1600, 2600 నడుపుతున్నవాళ్లు. ఇంటెల్ ఐ5 4460 వయసు మెషిన్లున్నవాళ్లు ఆశ వదులుకోండి. ఆ బోర్డు సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే చోట) ఐ7 4790 దాటి పెద్దగా ఎక్కేదేం లేదు, దానిమీద పెట్టే రూపాయి దండగ. మనకి బోర్డూ ర్యామూ అలాగే ఉంటాయి, మిగులంతా అక్కడే.

కొనాల్సినవి రెండే. రైజెన్ 5 5600: 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. మీ పాత ఫ్యాన్ సరిపోతుంది. 5500 చవక కదా అని లాగకండి, దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600ది 32. గేముల్లో ఆ తేడా కనబడుతుంది. కార్డు ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ. 132 వాట్లే తాగుతుంది, మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) చాలు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మాత్రం తీసి పారేయండి, దాని స్టిక్కర్ మీద ఎంత రాసున్నా సరే. 6500 ఎక్స్‌టీ వద్దు. బోర్డుతో డేటా నడిచే దారులు (లేన్లు) దానికి నాలుగే, మన పాత బోర్డుల పీసీఐఈ 3.0 కార్డు స్లాట్లలో దానికి ఊపిరాడదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఆర్‌ఎక్స్ 580 పక్కన '2048 ఎస్‌పీ' అని ఉంటే అది పేరు మార్చుకున్న 570యే. ఎస్‌పీ అంటే కార్డులో లెక్కలు చేసే యూనిట్లు, అసలు 580కి అవి 2304 ఉంటాయి. క్రిప్టో మైనింగ్‌లో రాత్రీపగలూ మాడిన కార్డులు కొని, ఏడుస్తూ నా దగ్గరికి రావద్దు.

ఇక బయోస్. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే ఈ పని అయిపోవాలి. కొత్తది బిగించాక చేద్దామంటే, దానితో బోర్డే లేవదు.

విండోస్‌లో 'ఎంఎస్‌ఇన్ఫో32' తెరిస్తే బోర్డు మోడల్, ఇప్పుడున్న బయోస్ వెర్షన్ కనబడతాయి. అక్కడితో ఆగకండి. క్యాబినెట్ మూత తీసి బోర్డు మీద అచ్చేసిన రివిజన్ నంబరు కూడా చూడండి. ఒకే పేరుతో రెండు రివిజన్లుండే బోర్డులున్నాయి, ఒకదాని ఫైలు ఇంకోదానికి పనికిరాదు. బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ల పట్టికలో 5600 పక్కన ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. ఆ ఫైలు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. "ముందు ఫలానా పాత వెర్షన్ వేసుకుని రండి" అని రాసి ఉంటే, రెండు మెట్లెక్కాల్సిందే. ఫైలు విప్పి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. విండోస్‌లోంచి అప్‌డేట్ చేసే కంపెనీ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. బయోస్ తెరలోంచే చెయ్యాలి, ఇందులో బేరం లేదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే మొదలెట్టండి.

అసలు భయం కరెంటుతో. బయోస్ చిప్ మీద రాస్తున్న ఆ నాలుగైదు నిమిషాల్లో కరెంటు పోయిందంటే బోర్డు చచ్చినట్టే. నేనే ఒకటి చంపాను. మధ్యాహ్నం పూట, ఎండ కాస్తోంది, గాలి లేదు, వాన లేదు, ఇంకేటవుద్దిలే అనుకున్నాను. వీధి చివర చెట్టుకొమ్మలు కొట్టడానికి లైన్ ఆపారు. పేపర్లో ముందే వేశారట, నేను చూళ్లేదు. చిప్‌ని ప్రోగ్రామర్‌తో తిరగరాయించడానికి ఆ బోర్డు ఒళ్లో పెట్టుకుని వైజాగ్ దాకా వెళ్లొచ్చాను. తిత్లీ తుపానుకి 2018 అక్టోబరులో పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటివి చెప్పి వస్తాయి, జాగ్రత్తపడతాం. మన పీక కోసేది ఈ చిన్న కోతలే.

కాబట్టి యూపీఎస్ పెట్టండి. లేకపోతే పక్కింటివాళ్లది అడిగి తెచ్చుకోండి. తెచ్చాక పరీక్షించండి: కంప్యూటర్ నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. పది నిమిషాలు నిలబడితేనే పనికొస్తుంది. మూడేళ్ల బ్యాటరీ చాలాసార్లు కుయ్‌మని ఊరుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే వేసి, ఇదే పరీక్ష చేయండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులోనే కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు.

అప్‌డేట్ మొదలయ్యాక కీబోర్డు, మౌస్ ముట్టకండి. మధ్యలో తెర నల్లబడొచ్చు, దానంతటదే రీస్టార్ట్ కావచ్చు. కంగారుపడి పవర్ బటన్ నొక్కినవాడే నా దగ్గరికొచ్చేది. పూర్తయ్యాక పాత ప్రాసెసర్‌తోనే ఒకసారి విండోస్‌లోకి వెళ్లి, వెర్షన్ మారిందో లేదో చూసుకోండి.

తర్వాతంతా గంట పని. ఓ పావుగంట గేమ్ ఆడి, ఆపేసి, వేడి మీదుండగానే ఫ్యాన్ స్క్రూలు విప్పి, హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. చల్లగా ఉన్నప్పుడు నిట్టనిలువునా లాగితే ఎండిన థర్మల్ పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. లివర్ ఎత్తి పాతది తీసి, బంగారు త్రికోణం మూలని సాకెట్ మూలకి కలిపి, కొత్తది వదలండి. నొక్కకండి, దానంతటదే కూర్చుంటుంది. బఠాణీ గింజంత పేస్టు మధ్యలో పెట్టండి. అట్లకాడతో పూసినట్టు పూసేవాళ్లున్నారు, వాళ్లతో నేను వాదించను. స్క్రూలు ఎదురెదురు మూలలుగా బిగించండి.

తొలిసారి ఆన్ చేసినప్పుడు 'ఎఫ్‌టీపీఎం' (బిట్‌లాకర్ లాంటివాటి తాళాలు దాచే భద్రతా భాగం) మారిందంటూ వై, ఎన్ అడిగితే, రికవరీ కీ కాగితం చేతిలో ఉందో లేదో చూసుకుని వై నొక్కండి. అప్‌డేట్‌తో ర్యామ్ స్పీడు మామూలుకి పడిపోయి ఉంటుంది, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) మళ్లీ ఆన్ చెయ్యాలి.

కార్డు అదే రోజు మార్చకండి. రెండూ ఒకేసారి మారిస్తే, తేడా వస్తే దేన్ని అనుమానించాలో తెలీదు. ఒకరోజు ఆగి, డీడీయూ అనే డ్రైవర్లు తీసేసే ప్రోగ్రామ్‌తో పాత కార్డు డ్రైవర్ తుడిచేసి, స్లాట్ చివర గొళ్లెం వదులు చేసి పాత కార్డు తీసి కొత్తది పెట్టండి. 8 పిన్నుల వైరు గుచ్చండి. హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డుకే పెట్టాలి. 5600లో డిస్‌ప్లే భాగమే లేదు, బోర్డు పోర్టుకి పెడితే ఏమీ రాదు. దీనికోసం కూడా క్యాబినెట్ మోసుకొచ్చినవాళ్లున్నారు.

పాత ప్రాసెసర్‌ని ఓ వారం అమ్మకండి. కొత్తది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పడుతుంది, అందులో పెట్టి మూసేయండి.